పుష్యమాసపు పసిబిడ్డ: పుదుచ్చేరి వైట్ టౌన్‌లో ఋతువులు, జననాలు, చట్టాలు

హిందీలో 'పూస్' అన్నా, తెలుగులో 'పుష్యం' అన్నా మాసం ఒక్కటే. ఉత్తరాదివారి లెక్కలో అది పక్షం రోజులు ముందుగా మొదలవుతుందన్న భేదం మాత్రం ఉన్నది. అయినా ఆ రెండు మాటలు వినేవారి మనస్సులో మేలుకొలిపే అనుభవాలు వేరువేరు. 1930లో వెలువడిన ప్రేమ్‌చంద్ కథ 'పూస్ కీ రాత్' పేరు చెప్పగానే హిందీ పాఠకునికి కంబళి లేని రైతు, ఎముకలు కొరికే చలి గుర్తుకు వస్తాయి. తెలుగువానికి పుష్యమంటే ముంగిట ముగ్గులు, గొబ్బెమ్మలు, కోతకు వచ్చిన చేలు, పిల్లల తలమీద పోసే భోగిపండ్లు. ఇంకా దక్షిణానికి పోయి సముద్రతీరాన ఉన్న పుదుచ్చేరి చేరితే చలి అన్న మాటకు అర్థం మరింత మెత్తబడుతుంది. అక్కడ జనవరి నెల రాత్రులలో సైతం ఉష్ణోగ్రత సాధారణంగా 20, 22 డిగ్రీలకు దిగువకు పోదు. వేసవిలో ఉడికిపోయిన పట్టణవాసికి అది చలి కాదు, విశ్రాంతి.

అట్టి చోట నడిచలికాలంలో బిడ్డ పుట్టుట మేలా, కీడా అన్న ప్రశ్న మొదట చూపుకు అల్పంగా తోచవచ్చు. కాని పుదుచ్చేరిలోని వైట్ టౌన్ చరిత్రను ఈ ప్రశ్నతో పరిశీలిస్తే విచిత్రమైన విషయం బయటపడుతుంది. ఫ్రాన్సులో పసికందులకు చలికాలపు మృత్యువుతో ముడిపడిన చట్టమొకటి ఓడలెక్కి ఈ వెచ్చని తీరానికి వచ్చినది. ఈ తీరంలోని బిడ్డలకు పొంచి ఉన్న ఆపదలు వేరు; ఆ ఆపదల నుండి కాపాడినవీ, కాపాడలేకపోయినవీ కూడా వేరు.

వైట్ టౌన్ అన్నది సముద్రానికీ, ఊరిని రెండుగా చీల్చే పెద్దకాలువకూ నడుమ ఉన్న భాగం. ఫ్రెంచివారు దీనిని 'విల్ బ్లాంష్' అన్నారు; కాలువకు పడమట ఉన్న తమిళుల భాగాన్ని 'విల్ న్వార్' అన్నారు. మొదటిది తెల్లవారి పట్టణం, రెండవది నల్లవారి పట్టణం. ఫ్రెంచి కంపెనీవారు పదిహేడవ శతాబ్ది ఉత్తరార్ధంలో ఇక్కడ కుదురుకొన్ననాటి నుండి ఐరోపావారి శిశువులకు జ్ఞానస్నానం జరిపించిన మతగురువులు ఆ వివరాలను పుస్తకాలలో వ్రాసి ఉంచారు. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ఇక్కడ గవర్నరుగా పనిచేసిన ఆల్ఫ్రెద్ మార్తినో, 1676 మొదలు 1760 వరకు గల ఆ జనన, వివాహ, మరణ పత్రాల సారాంశాన్ని సంకలనం చేసి ప్రకటించాడు. చరిత్రకారులు వీటిని వంశవృక్షాల కోసం తిరగవేస్తారు. కాని ప్రతి పుట్టుకకు ప్రక్కన ఒక తేదీ ఉన్నది. ప్రతి తేదీ వెనుక ఒక ఋతువు ఉన్నది.

ఆ ఋతువు ఎంత కఠినం కాగలదో ఐరోపాలో పుట్టిన బిడ్డల కథ చెబుతుంది. పద్దెనిమిది, పందొమ్మిదవ శతాబ్దులలో ఉత్తర ఇటలీలోని వెనెతో ప్రాంతంలో చలికాలపు శిశువులు పుట్టిన తొలి నెలలోనే అధికసంఖ్యలో మరణించేవారు. జ్ఞానస్నానం ఆలస్యం కారాదన్న నమ్మకం వల్ల పుట్టిన ఒకటి రెండు రోజులలోనే బిడ్డను మంచులో చర్చికి మోసుకొనిపోయేవారు. ఫ్రెంచి విప్లవం తరువాత చర్చి స్థానంలో పురపాలక కార్యాలయం వచ్చినది. ప్రయాణం మాత్రం తప్పలేదు. 1804 నాటి ఫ్రెంచి పౌరస్మృతి 55వ అధికరణం ప్రకారం ప్రసవమైన మూడు రోజులలోగా జననాన్ని అధికారికి తెలుపవలెను. అంతేకాక శిశువును ఆయన ఎదుట చూపవలెను. బిడ్డ నిజంగా పుట్టినదా, ఆడా మగా అన్న విషయంలో మోసం జరుగకుండుటకు ఏర్పరచిన నియమమిది. న్యాయశాస్త్ర దృష్టిలో అది లోపం లేని నియమం. మూడు రోజుల పసికందు దృష్టిలో అది మంచుదారిలో ప్రయాణం.

1829లో విల్లెర్మే అనే వైద్యుడూ, ప్రకృతిశాస్త్రజ్ఞుడు మిల్న్ ఎద్వార్స్ కలిసి శిశుమరణాలకూ ఉష్ణోగ్రతకూ గల సంబంధాన్ని నెలలవారీగా లెక్కించి చూపారు. చలి పెరిగిన కొద్దీ క్రొత్తగా పుట్టిన శిశువుల మరణాలు పెరుగుతున్నాయని తేల్చారు. బిడ్డను కార్యాలయానికి తీసుకొనిరావలసిన నిర్బంధం ప్రాణాంతకమన్నది వారి వాదం. వారి వాదాన్ని ఇతర వైద్యులు అందుకొన్నారు. బిడ్డ అధికారి వద్దకు పోవుట కాదు, అధికారి తరఫువాడే బిడ్డ ఉన్న ఇంటికి రావలెనన్న ఉద్యమం దశాబ్దాల పాటు సాగినది. చట్టంలోని ఒక చిన్న వాక్యానికి ఎన్ని ప్రాణాలు మూల్యమైనవో ఊహించవచ్చును.

ఇదే పౌరస్మృతి పుదుచ్చేరికి వచ్చిన తేదీ కూడా నడిచలికాలంలోనిదే. నెపోలియన్ యుద్ధాల తరువాత ఈ పట్టణాన్ని తిరిగి పొందిన ఫ్రెంచి ప్రభుత్వం 1819 జనవరి 6 నాటి ఉత్తర్వు ద్వారా తన స్మృతులను ఇక్కడ అమలులోనికి తెచ్చినది. అయితే హిందువులు, ముస్లిములు, దేశీయ క్రైస్తవులు తమ తమ కులాచారాల ప్రకారమే తీర్పు పొందుదురని అదే ఉత్తర్వులో హామీ కూడా ఇచ్చినది. అందుచేత చాలాకాలం వరకు కాలువకు తూర్పున పుట్టిన బిడ్డ పుట్టుక ఫ్రెంచి పౌరస్మృతి అడిగే పత్రానికి ఎక్కినది. పడమట పుట్టిన బిడ్డ పుట్టుకకు పంచాంగం, తాటాకు జాతకం, ఇంటి పెద్దల జ్ఞాపకం ఆధారమైనవి. 1880లో వెలువడిన డిక్రీ దేశీయులకు కూడా జనన, వివాహ, మరణాల నమోదును విస్తరించినది. ఆ మరుసటి సంవత్సరం, 1881 సెప్టెంబరు 21న, స్వీయ ఆచారనియమాలను వదలుకొని ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించే అవకాశం కల్పించే మరొక డిక్రీ వచ్చినది. గోదావరి తీరాన ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో పుట్టిన తెలుగు బిడ్డ కూడా ఈ విధంగా ఫ్రెంచి నమోదు పుస్తకంలోనికి ప్రవేశించినది.

మంచు ఎరుగని ఊరిలో మంచుదారి చర్చకు గురైన చట్టం నవ్వు తెప్పించవచ్చు. కాని ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. పెద్దవారికి హాయి అయిన చలి పసికందుకు హాయి కాదు. ప్రసవం జరిగే గది కనీసం 25 డిగ్రీల వెచ్చదనంతో ఉండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచిస్తున్నది. పుదుచ్చేరి జనవరి రాత్రి దానికి మూడు నాలుగు డిగ్రీలు దిగువనే ఉంటుంది. తల్లి గర్భంలోని వెచ్చదనం నుండి తడిమేనితో వెలికి వచ్చిన బిడ్డ ఆ తడి ఆరుతున్నంతసేపూ వేడిని కోల్పోతుంది. బరువుతో పోలిస్తే బిడ్డ చర్మపు విస్తీర్ణం ఎక్కువ. పెద్దవారివలె వణకి వేడి పుట్టించుకొనే శక్తి దానికి లేదు. నెలలు నిండని బిడ్డకు, తూకం తక్కువైన బిడ్డకు ఈ ఆపద రెట్టింపు. అందుచేత వెచ్చని దేశమన్న ధీమాయే ఇక్కడ మొదటి కీడు. మంచు కురిసే ఊరిలో తల్లి భయపడి బిడ్డను కప్పుతుంది; చల్లగాలి వీచే ఊరిలో కిటికీ తెరచి ఉంచుతుంది.

వైట్ టౌన్ ఇళ్ళు ఈ ధీమాకు రాతిరూపాలు. ఎత్తైన కప్పులు, పొడవైన కిటికీలు, మందమైన సున్నపు గోడలు, లోపలి తోట: ఇవన్నీ ఎండను ఓడించుటకు కట్టినవి. ఐరోపా ఇంటికి గుండెకాయ వంటి నిప్పుగూడు ఇక్కడ అవసరం లేకపోయినది. వేసవిలో ఈ గదులు వరప్రసాదాలు. ఈశాన్య ఋతుపవనం ముగిసిన డిసెంబరులో మాత్రం ఆ గోడలు తేమను వదలవు. పుదుచ్చేరికి సంవత్సరమంతటి వర్షంలో అధికభాగం అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే కురుస్తుంది. చంటిబిడ్డ ఉన్న ఇంట ముసురుపట్టిన దినం ఎట్లుంటుందో బాలింతలకు తెలుసు. పొత్తిగుడ్డలు ఆరవు. తడి ఆరని గుడ్డలో చుట్టిన బిడ్డకు గుడ్డ ఉండీ లేనట్లే. నిలిచిన నీటిలో దోమలు పెరుగుతాయి. మేడ ఉన్నవారికి వరండా ఉన్నది, గుడ్డ ఆరవేయుటకు దాది ఉన్నది. రేవు దాపున గుడిసెలో ఉన్న జాలరి ఇల్లాలికి అవి లేవు. ఒకే రాత్రి, ఒకే వానలో పుట్టిన ఇద్దరు బిడ్డలకు చలి ఒక్కటి కాదన్నమాట.

పురిటిల్లు గురించి దక్షిణదేశపు ఇల్లాండ్రు ఏర్పరచుకొన్న పద్ధతులలో మంచి చెడ్డలు రెండూ కలిసి ఉన్నవి. బిడ్డను తల్లి ప్రక్కలో ఒదిగించి పడుకోబెట్టుట, తలకు గుడ్డ చుట్టుట, పదిమంది వచ్చి ఎత్తుకొనకుండా పురిటిగదిని వేరుగా ఉంచుట చలికాలపు శిశువుకు నిజమైన రక్షణలు. 1978లో కొలంబియా రాజధాని బొగొతాలో వైద్యుడు ఎద్గార్ రే సనాబ్రియా, తగినన్ని పరికరాలు లేని ఆసుపత్రిలో తూకం తక్కువైన శిశువులను తల్లి రొమ్మున చర్మానికి చర్మం తగిలేటట్లు కట్టి ఉంచే పద్ధతిని ప్రవేశపెట్టాడు. కంగారూ పద్ధతి అన్న పేరుతో అది ప్రపంచమంతటా వ్యాపించినది. తల్లి ఒంటి వెచ్చదనాన్ని మించిన కుంపటి లేదన్న సంగతిని వైద్యశాస్త్రం ఆ విధంగా స్థిరపరచినది. కాని పుట్టిన వెంటనే బిడ్డకు లాల పోయుట, మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుట, సాంబ్రాణి పొగ దట్టంగా వేయుట మేలు చేసేవి కావు. తొలి స్నానాన్ని ఒక దినమైనా ఆపవలెనని నేటి వైద్యులు చెబుతున్నారు. బొగ్గుల పొగలోని విషవాయువు వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. 1823లో ఇక్కడ ఫ్రెంచివారు నెలకొల్పిన వైద్యపాఠశాల కాలక్రమాన జిప్‌మర్ అన్న మహాసంస్థగా పెరిగినది. నేడు ఈ ప్రాంతపు ప్రసవాలు ఆసుపత్రులలోనే జరుగుతున్నవి కాబట్టి, పాత పద్ధతులలోని మంచిని నిలుపుకొని చెడ్డను విడుచుట సాధ్యమైనది.

చలికంటె, వానకంటె పెద్ద శత్రువు ఈ తీరానికి నడిచలికాలంలోనే వచ్చినది. 1760 చివర ఇంగ్లీషువారు పుదుచ్చేరిని ముట్టడించి ఉన్నారు. తిండి కరవై ఫ్రెంచి సేనాని లాలీ నవంబరు 27న, ఊరిలో మిగిలి ఉన్న దేశీయులను దాదాపు 1,400 మందిని కోటవెలుపలికి పంపివేశాడు. ఇంగ్లీషు సేన వారిని దారి విడువలేదు. ఉభయసేనల నడుమ, వానాకాలపు ఆకాశం క్రింద, స్త్రీలూ పిల్లలూ దినాల తరబడి నిలిచిపోయారు. వారిలో నిండుచూలాండ్రు ఎందరో ఏ పుస్తకానికీ ఎక్కలేదు. 1761 జనవరి 1న పెనుతుఫాను వచ్చి ఇంగ్లీషు నౌకాదళాన్ని చెదరగొట్టినది. వెయ్యిమందికి పైగా నావికులు మరణించారు. అయినా ముట్టడి సడలలేదు. జనవరి 16న పట్టణం లొంగిపోయినది. 'ఆనందరంగరాట్ఛందము' కృతిపతిగా తెలుగువారు ఎరిగిన ఆనందరంగ పిళ్ళై ఆ పతనానికి కొద్దిదినాల ముందే కన్నుమూశాడు. పావు శతాబ్దం పాటు పట్టణపు మంచిచెడ్డలను దినచర్యగా వ్రాసిన కలం అట్లు ఆగిపోయినది. మార్తినో సంకలనం 1760తో ముగియుట కూడా ఈ విషాదానికి సరిపోయినది. విజేతలు పట్టణాన్ని నేలమట్టం చేశారు. నేడు కనిపించే వైట్ టౌన్, ఫ్రెంచివారు తిరిగి వచ్చిన 1765 తరువాత మళ్ళీ కట్టుకొన్నది.

తూర్పుతీరానికి ఇది ఒక్కటే తుఫాను కాదు. 1789 డిసెంబరులో యానాంకు సమీపాన ఉన్న కోరంగి రేవును ఉప్పెన ముంచి వేలమందిని బలిగొన్నది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు వైట్ టౌన్‌ను దాని సముద్రపు గోడ చాలావరకు కాపాడినది. గోడ లేని జాలరిపల్లెలు, ముఖ్యంగా కారైకాల్ తీరం, ఆ దెబ్బను తిన్నవి. 2011 డిసెంబరు 30న థానే తుఫాను పుదుచ్చేరి, కడలూరుల నడుమ తీరం దాటినది. 2014 నవంబరు 29న ఎడతెగని వానలకు, సముద్రాభిముఖంగా ఉన్న పాత పురపాలక భవనం కూలిపోయినది. ఊరివారు 'మేరీ' అని పిలుచుకొన్న ఆ భవనాన్ని పూర్వపు రూపంలోనే తిరిగి కట్టి 2021లో ప్రారంభించారు. ఫ్రెంచి చట్టం ఏ పురపాలక కార్యాలయానికి శిశువును తెమ్మన్నదో, అట్టి కార్యాలయమే ఇక్కడి ఋతువుకు తట్టుకొనలేకపోయినది.

కీడులు ఇన్ని చెప్పిన తరువాత మేలులు చెప్పుట న్యాయం. నడిచలికాలపు తల్లి తన చివరి నెలలను మండుటెండలో గడపదు. అన్నిటికంటె పెద్ద ఊరట అదే. బిడ్డకు ఎండదెబ్బ, చెమటపొక్కులు తొలిదినాలలో ఉండవు. సంక్రాంతికి క్రొత్తబియ్యం ఇంటికి వస్తుంది. కూరగాయలు, పాలు సమృద్ధిగా దొరుకుతాయి. బాలింతకు తిండి కుదిరే కాలమిది. తల్లి తిన్న తిండి బిడ్డ భవిష్యత్తును ఎంత దూరం నిర్ణయిస్తుందో పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియా గ్రామాల నుండి 1997లో వెలువడిన పరిశోధన చూపినది. ధాన్యం అడుగంటిన ఆకలిమాసాలలో పుట్టినవారు, కోతల తరువాత పుట్టినవారికంటె యౌవనంలో అధికంగా మరణించారు. మరొక మేలు లెక్కవల్ల తెలుస్తుంది. బిడ్డకు ఆరునెలల వరకు తల్లిపాలు తప్ప మరేదీ అక్కరలేదని వైద్యులు చెబుతారు. జనవరిలో పుట్టిన బిడ్డకు మే నెల మండువేసవిలో నాలుగు నెలలు. నీరు చెడి విరేచనాలు వ్యాపించే ఆ కాలాన్ని అది తల్లిపాల చాటునే దాటివేస్తుంది. తల్లి పాలు తప్పిన బిడ్డకు మాత్రం ఈ మేలు దక్కదు.

ఆచారాల తీర్పు ఇట్లు తిన్నగా లేదు. సూర్యుడు ధనూరాశిలో ఉన్నంతకాలం తెలుగువారు పెండ్లిండ్లు చేయరు, పుష్యాన్ని శూన్యమాసమన్నారు. సంక్రాంతికి వారం ముందు బిడ్డ పుడితే పదిదినాల పురిటిమైల వచ్చి ఇంట పండుగపూజ ఆగిపోతుంది. అదే తమిళులకు సంక్రాంతితో 'తై' నెల ప్రవేశిస్తుంది. తై పుడితే దారి పుడుతుందని వారి సామెత. ఈ కారణంగా శస్త్రచికిత్సతో ప్రసవం నిర్ణయమైనచోట తేదీని పంచాంగం చూసి కోరేవారు నేడు కొత్త కాదు. కొన్ని దినాలు ఆగుట వైద్యుడు సమ్మతిస్తే దోషం లేదు. కాని మంచి ముహూర్తం కోసం నెలలు నిండకముందే బిడ్డను వెలికి తీయుట, ఊపిరితిత్తులు పరిపక్వం కాని శిశువును చలిలో నిలిపినట్లే. ముహూర్తానికి బిడ్డ అవసరం లేదు. బిడ్డకు మాత్రం తొమ్మిది నెలలు అవసరం.

చివరకు కాగితం చేసే మేలు కీడులు. నడిచలికాలం నడుమ సంవత్సరం మారుతుంది. డిసెంబరు 31 రాత్రి పుట్టిన బిడ్డకూ, తెల్లవారి పుట్టిన బిడ్డకూ నడుమ గడియలే ఉన్నా పత్రంలో ఒక సంవత్సరం ఉన్నది. 1826లో నెలకొన్న వైట్ టౌన్‌లోని ఫ్రెంచి లిసేలో ఈ భేదం స్పష్టం. ఫ్రెంచి పద్ధతిలో ఒక సంవత్సరంలో పుట్టిన పిల్లలందరూ ఒక తరగతి. డిసెంబరు బిడ్డ ఆ తరగతిలో అందరికంటె చిన్నది. జనవరి బిడ్డ పెద్దది. డిసెంబరులో పుట్టినవారు చదువులో వెనుకబడి తరగతి తిరిగి చదువుట ఎక్కువని ఫ్రాన్సులో జరిగిన అధ్యయనాలు చెబుతున్నవి. లోపం బిడ్డది కాదు, కొలబద్దది. ఇంతకంటె గంభీరమైన సందర్భం 1962లో వచ్చినది. 1956 మే 28న సంతకమైన విలీన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమలైనప్పుడు, ఇక్కడ పుట్టి ఇక్కడే నివసించే ఫ్రెంచి పౌరులు భారతీయులయ్యారు. ఫ్రెంచివారుగా ఉండదలచినవారు ఆరునెలలలోగా వ్రాసి ఇవ్వవలెను. ఆ గడువు నడుమనే నడిచలికాలం వచ్చినది. ఎక్కడ పుట్టినదీ, ఎన్నడు పుట్టినదీ చెప్పే పాత జననపత్రం ఆ దినాలలో కుటుంబాల గతిని నిర్ణయించినది. దాదాపు అయిదువేల మంది ఫ్రెంచి పౌరసత్వాన్ని కోరుకొన్నారు. తల్లిదండ్రులు చేసిన ఆ ఎంపిక ఉయ్యాలలోని బిడ్డలకు కూడా చెందినది.

1969 నాటి భారత చట్టం జననాన్ని తెలుపుటకు 21 దినాల గడువు ఇచ్చినది. మూడు దినాలు ఇరవై ఒకటి అగుటలో ఒక నాగరికతా పరిణామం ఉన్నది. బిడ్డ కార్యాలయానికి రానక్కరలేదు. వాన వెలిసేవరకు తండ్రి ఆగవచ్చు, బాలింత లేచేవరకు ఇల్లు ఆగవచ్చు. పేరు పెట్టుటకు ఇరవై ఒకటవ దినం మంచిదని తలచే కుటుంబాలకు అది మన ఆచారంవలె కూడా తోచవచ్చు.

పుష్యంలో పుట్టుట మేలా, కీడా అన్న ప్రశ్నకు వైట్ టౌన్ చరిత్ర ఇచ్చే సమాధానం పంచాంగంలో లేదు. ఆరిన గుడ్డ, తల్లి ఒడి, కూలని కప్పు, సముద్రానికి అడ్డుగోడ, కనికరమెరిగిన చట్టం ఉన్నచోట నడిచలికాలం బిడ్డకు మంచి కాలమే. ఇవి లేనిచోట ఏ మాసమైనా శూన్యమాసమే. సముద్రపు గోడ ఒక వీధికి ఉండి ప్రక్క పల్లెకు లేకపోవుట ఋతువు చేసిన తప్పు కాదు. భోగినాటికి నెలబిడ్డ అయిన పసికందును వచ్చే ఏటికి చాపమీద కూర్చుండబెట్టి తలమీద రేగుపండ్లు పోయవలెనని ప్రతి తెలుగు తల్లి కోరుకొంటుంది. ఆ రేగుపండ్ల దినం దాకా బిడ్డను చేర్చుట ఒక్క తల్లి పని కాదు, ఊరి పని.